లినక్స్‌ను ఇంటిభాషకు తెచ్చినవారు



కంప్యూటరు కొనేవారు దాని ధర అడుగుతారు, వేగం అడుగుతారు. యంత్రంతోపాటు మరొక వస్తువు కూడా ఇంటికి వస్తున్నదన్న సంగతి చాలామందికి తోచదు. మీట నొక్కగానే తెర మీద బొమ్మలు పేర్చేదీ, వ్రాసిన ఉత్తరాన్ని పదిలపరిచేదీ, అచ్చువేయమన్న ఆజ్ఞను ప్రింటరుకు చేరవేసేదీ ఆ వస్తువే. దానిని ఆపరేటింగ్ సిస్టం అంటారు. రైలులో కూర్చున్న ప్రయాణికుడికి స్టేషను మాస్టరుతో పని పడదు. కాని ఆయన అనుమతి లేనిదే బండి కదలదు. ఆపరేటింగ్ సిస్టం స్థితి కూడా అటువంటిదే.

మన దేశంలో ఇళ్ళలోనూ కార్యాలయాలలోనూ బల్లల మీద ఉన్న కంప్యూటర్లలో అత్యధికభాగం మైక్రోసాఫ్ట్ వారి విండోస్‌తో నడుస్తున్నవి. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెదొక దారి అన్నట్లు, ఆ పక్కన వేరుగా నిలిచినది లినక్స్. దాని పుట్టుక క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. ఎవరైనా వాడుకోగలిగినదీ, లోపలి నిర్మాణాన్ని చదివి చూడగలిగినదీ, మార్చి ఇతరులకు పంచగలిగినదీ అయిన వ్యవస్థను తయారుచేయాలన్నది ఆయన సంకల్పం. 1991 ఆగస్టులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ళ లీనస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా వ్రాసుకుంటున్న ఒక వ్యవస్థను గురించి ఇతరులకు తెలియజేశాడు. ఆయన వ్రాసిన కేంద్రభాగమూ, గ్నూ వారి పనిముట్లూ కలిసి నేడు లినక్స్ అని పిలుస్తున్న వ్యవస్థ ఏర్పడింది.

2017 నవంబరు నుండి ప్రపంచంలోని మొదటి 500 మహావేగ కంప్యూటర్ల జాబితాలో ప్రతి ఒక్కటీ లినక్స్ మీదనే నడుస్తున్నది. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో కూడా కేంద్రభాగం అదే. వాతావరణ సూచనల లెక్కలు కట్టే యంత్రాలను నడిపించగలిగిన వ్యవస్థ, ఒక మండల కేంద్రంలోని పాఠశాలలో ఉన్న పాత కంప్యూటరు మీదికి రావడానికి మాత్రం ఎంతో శ్రమపడవలసి వచ్చింది. దానికి అమ్మకందారు లేడు, ప్రకటనలకు డబ్బు లేదు. కొన్ని చోట్ల అది వచ్చి నిలిచింది. మరికొన్ని చోట్ల వచ్చి వెళ్ళిపోయింది. ఆ తేడా ఎందువల్ల కలిగిందో తెలుసుకోవడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మన దేశంలో తొలి అడుగు ఒక పత్రిక వేసింది. 1996లో పీసీ క్వెస్ట్ అనే ఇంగ్లీషు మాసపత్రిక, అతుల్ చిట్నిస్ పూనికతో, లినక్స్ నింపిన సీడీని పత్రికతోపాటు పాఠకులకు అందించింది. ఈనాటి విద్యార్థికి ఇది విశేషంగా తోచకపోవచ్చు. సామాన్య పౌరులకు ఇంటర్నెట్ సేవను విదేశ్ సంచార్ నిగమ్ ప్రారంభించినది 1995 ఆగస్టు 15న. టెలిఫోను తీగ మీద సెకనుకు 28,800 బిట్ల వేగం దొరికినా, ఒక సీడీలో పట్టే 650 మెగాబైట్ల సరుకు దిగడానికి 52 గంటలు పడుతుంది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు, పైన మరికొన్ని గంటలు. నడుమ ఒక్కసారి కూడా లైను తెగకూడదు. ఆ రోజులలో పుస్తకాల కొట్లో దొరికిన ఒక పళ్ళెం ఆ శ్రమనంతటినీ తప్పించింది. పత్రిక కొన్నవాడు సీడీని మిత్రుడికి ఇచ్చినా దొంగతనం కాదు. లైసెన్సే అందుకు అనుమతిస్తున్నది. ఆ అనుమతే దాని ప్రచార సాధనం అయింది.

సీడీ చేతికి రావడం వేరు, అది పనిచేయడం వేరు. ఆ కాలపు లినక్స్‌ను యంత్రంలోకి ఎక్కించడం సులభం కాదు. తెర వెలగకపోవచ్చు, మోడెం పలకకపోవచ్చు, తొందరపడితే ఉన్న విండోస్ కూడా పోవచ్చు. అందుచేత బెంగుళూరు, ఢిల్లీ, ముంబై, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలలో వాడుకరుల సంఘాలు వెలిశాయి. ఆదివారం నాడు ఒక కళాశాల గదిలో చేరడం, కొత్తవారు తమ కంప్యూటర్లను మోసుకురావడం, తెలిసినవారు పక్కన కూర్చుని ఎక్కించి పంపడం వారి పద్ధతి. 2001లో బెంగుళూరులో ఆరంభమైన వార్షిక సమావేశం తరువాత ‘ఫాస్ డాట్ ఇన్’ అనే పేరుతో కొంతకాలం దేశమంతటి నుండి యువకులను రప్పించింది.

ఆ సంఘాలలో ఒక జాడ్యం కూడా ఉండేది. దానిని దాచిపెట్టడం వల్ల ప్రయోజనం లేదు. కొత్తవాడు ఏదైనా అడిగితే ‘ముందు గ్రంథం చదువుకుని రా’ అని కసిరేవారు ఉండేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత కంప్యూటరు పరిజ్ఞానానికి బాగా అతుకుతుంది. లినక్స్‌లోనే ఉన్న అనేక రూపాలలో ఏది ఉత్తమమన్న వాదులాటలో గంటలు గడిచిపోయేవి. విండోస్‌ను నిందించడమే లినక్స్ ప్రచారమని భావించినవారూ ఉన్నారు. అటువంటి చోటికి రెండవసారి వచ్చే కొత్తవాడు అరుదు. మరోవైపు, ఓపికగా పక్కన కూర్చుని నేర్పినవారి శిష్యులే ఆరునెలలు తిరిగేసరికి తామూ మరొకరికి నేర్పేవారు. సంఖ్య ఎక్కడ పెరిగినా ఈ విధంగానే పెరిగింది.

నగరాల ఇంజనీర్ల మధ్య తిరిగినంత కాలం లినక్స్ ఇంగ్లీషులోనే ఉండిపోయింది. దానిని దేశభాషలకు తేవడం మరొక అధ్యాయం. అన్నిటికంటె ఆసక్తికరమైనదీ ఇదే.

ముందుగా లిపి సమస్య. ‘లక్ష్మి’ అన్న మాటలోని రెండవ అక్షరాన్ని చూడండి. కంటికి ఒకే అక్షరం. కంప్యూటరు దానిని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చదివేటప్పుడు ఆ ఆరింటినీ కలిపి, షకారాన్ని క్రిందికి దింపి, మకారాన్ని వత్తుగా మార్చి, చివర పలికే గుడిని ఎక్కడో పైన ఉన్న కకారపు తలమీద పెట్టాలి. ఇంగ్లీషుకు ఇటువంటి పని ఏదీ లేదు. వరుసగా అక్షరాలు పేర్చుకుంటూ పోతే సరిపోతుంది. అందువల్ల తొలినాళ్ళ లినక్స్ తెర మీద తెలుగు, విడిపోయిన పొల్లులతోనో ఖాళీ చతురస్రాలతోనో దర్శనమిచ్చేది.

ఇక్కడ పూర్వం జరిగిన ఒక మంచి పని అక్కరకు వచ్చింది. భారతీయ లిపులన్నింటికీ మూలం ఒకటే, వర్ణక్రమం ఒకటే అన్న సత్యాన్ని ఆధారం చేసుకుని కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1980ల దశకంలోనే ‘ఇన్‌స్క్రిప్ట్’ అనే కీబోర్డు అమరికను ప్రమాణంగా నిర్ణయించింది. హిందీ వ్రాసినా, తెలుగు వ్రాసినా, బెంగాలీ వ్రాసినా కకారానికి మీట ఒకటే. 1991లో ‘ఇస్కీ’ అనే సంకేతపట్టిక భారతీయ ప్రమాణంగా వెలువడింది. ప్రపంచ భాషలన్నింటికీ ఏర్పడిన యూనికోడ్‌లో భారతీయ లిపుల అమరిక ఈ ఇస్కీ క్రమాన్నే అనుసరించింది. అంటే లినక్స్ కోసం బెంగాలీ వారు చేసిన దిద్దుబాటు అస్సామీలకు వెంటనే ఉపయోగపడింది. దేవనాగరికి చేసినది హిందీ, మరాఠీ, నేపాలీ మూడింటికీ చెల్లింది. తెలుగు, కన్నడాల వత్తుల సమస్యలో చాలాభాగం ఉమ్మడిదే. అక్షరాలను పేర్చే ‘హార్ఫ్‌బజ్’ అనే సాధనం ఇటువంటి ఉమ్మడి పొయ్యి. అందులో ఒకరు పెట్టిన కట్టె అందరి వంటకూ పనికివస్తుంది. ఆ సాధనమే నేడు ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ భారతీయ లిపులను చూపుతున్నది. రెడ్‌హ్యాట్ సంస్థ 2004 నుండి ‘లోహిత్’ అన్న పేరుతో భారతీయ లిపులకు ఉచితంగా అక్షరరూపాలు విడుదల చేయడం కూడా ఈ కృషిలో భాగమే.

సరిహద్దులు కూడా ఈ పనికి అడ్డురాలేదు. 2000ల తొలి సంవత్సరాలలో బంగ్లాదేశ్ యువకులూ, పశ్చిమ బెంగాల్ యువకులూ కలిసి ‘అంకుర్’ పేరుతో బెంగాలీ లినక్స్‌కు పూనుకున్నారు. భూటాన్ 2006లో జోంగ్‌ఖా భాషలో లినక్స్‌ను తెచ్చింది. కొద్ది లక్షలమంది మాట్లాడే భాషకు వ్యాపార సంస్థలు వచ్చి చేసే దాకా ఆగకూడదని ఆ ప్రభుత్వం భావించింది. నేపాల్ ఉదాహరణ గ్రంథాలయాలకు మరింత దగ్గరిది. లలిత్‌పూర్‌లోని మదన్ పురస్కార్ పుస్తకాలయం నేపాలీ పుస్తకాలనూ పత్రికలనూ భద్రపరిచే సంస్థ. ఆ గ్రంథాలయమే 2005 డిసెంబరులో ‘నేపాలినక్స్’‌ను విడుదల చేసింది. అంతర్జాతీయ సహాయంతో సాగిన ఆ పనిలో నేపాలీ నిఘంటువు, అక్షరదోషాలు దిద్దే సాధనం కూడా తయారైనవి. సహాయం ముగిసిన తరువాత నేపాలినక్స్ మందగించి, క్రమంగా కనుమరుగైంది. విడుదల సభలో చప్పట్లు కొట్టినవారిలో ఎందరు మరుసటి ఏడాది దానిని వాడుతూ ఉన్నారో ఊహించడం కష్టం కాదు. అయినా అక్కడ ఏర్పడిన నేపాలీ పదజాలం ఇతర రూపాలకు చేరింది. ఆ విధంగా అందులో కొంత మిగిలింది.

మన ప్రభుత్వం కూడా ఈ రంగంలో అడుగుపెట్టింది. సీడాక్ సంస్థ డెబియన్ అనే లినక్స్ రూపాన్ని ఆధారంగా తీసుకుని 2007లో ‘భారత్ ఆపరేటింగ్ సిస్టం సొల్యూషన్స్’ను, అంటే ‘బాస్’ను విడుదల చేసింది. 18 భారతీయ భాషలకు అందులో చోటు కల్పించారు. పాఠశాలల కోసం ‘ఎడ్యుబాస్’ అనే కూర్పు కూడా వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలు ఇటువంటి సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమివ్వాలన్న విధానాన్ని కేంద్రం 2015లో ప్రకటించింది. సరుకు మంచిదే. అయితే సమాచార సంచికలతో, సర్క్యులర్లతో వాడుకరులు పుట్టరు. గుమాస్తా బల్ల మీద కంప్యూటరు మొరాయించిన రోజున ఎవరిని పిలవాలన్నది తెలియకపోతే, ఎంత మంచి వ్యవస్థ అయినా బీరువా చేరుతుంది. ఆ ప్రశ్నకు సంపూర్ణంగా సమాధానం చెప్పినది ఒక రాష్ట్రం.

కేరళ ఆ రాష్ట్రం. 2001 జూలైలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాను తిరువనంతపురంలో స్టాల్‌మన్ ప్రారంభించాడు. దాదాపు అదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వం పాఠశాలలలో కంప్యూటరు విద్య కోసం ‘ఐ.టి. ఎట్ స్కూల్’ పథకాన్ని ఆరంభించింది. మొదట పాఠాలు విండోస్ మీదనే. ప్రజాధనంతో నడిచే బడిలో ఒక కంపెనీ సరుకునే పాఠంగా బోధించడమేమిటని అక్కడి ఉపాధ్యాయ సంఘాలు ప్రశ్నించాయి. వాదోపవాదాల తరువాత లినక్స్‌కు కూడా చోటు దొరికింది. ఆ దశాబ్దం ముగిసే నాటికి పాఠశాలలలో ప్రధానస్థానం దానిదే అయింది.

నిర్ణయం తీసుకోవడంలో గొప్పతనమేమీ లేదు. దానిని అమలు జరిపిన తీరు గమనించదగినది. శిక్షకులను బయటినుండి తేలేదు. లెక్కల ఉపాధ్యాయులను, మలయాళ పండితులను, సామాన్యశాస్త్రం చెప్పేవారిని ఎంపిక చేసి మాస్టర్ ట్రైనర్లుగా తయారుచేశారు. బడిలో కంప్యూటరు ఆగిపోతే ఆ జిల్లాలోనే మరొక ఉపాధ్యాయుడు సమాధానం చెప్పేవాడు, మలయాళంలో చెప్పేవాడు. రేఖాగణితానికి జియోజీబ్రా, బొమ్మలు గీయడానికి జింప్, ఇంక్‌స్కేప్ వంటి సాధనాలను పాఠ్యపుస్తకాల లోపలికే తెచ్చారు. పదవ తరగతిలో ఐ.టి. పరీక్షావిషయం అయింది. పరీక్ష ఉన్న విషయాన్ని ఏ బడీ అశ్రద్ధ చేయదు. మన విద్యావిధానంలోని ఈ బలహీనతనే కేరళవారు ఒక బలంగా మలచుకున్నారు!

ప్రభుత్వానికి వెలుపల 2002 నుండి ‘స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్’ అనే ఔత్సాహికుల బృందం మలయాళ అక్షరరూపాలు, అనువాదాలు, దిద్దుబాట్లు చేస్తూ వచ్చింది. పాఠశాలలో ఎదురైన లోపం వారి వద్దకు చేరేది, వారు దిద్దినది తిరిగి పాఠశాలకు వచ్చేది. 2017లో ఆ పథకం ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో ఉన్నత పాఠశాలలలో విద్యార్థి సంఘాలు ఏర్పడినవి. వాటి సభ్యుల సంఖ్య లక్ష దాటింది. బడిలోని యంత్రాల బాగోగులు చూడడం, తోటివారికి నేర్పడం, తల్లులకు ఇంటర్నెట్ వాడకం చూపించడం ఆ పిల్లల పనులలో కొన్ని. 2024లో కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా తన కొత్త లినక్స్ కూర్పును విడుదల చేసింది. అంతకు ముందు సంవత్సరం, 2023 సెప్టెంబరులో, డెబియన్ నిర్మాతల ప్రపంచ సమావేశం కొచ్చిలో జరిగింది. బడిలో లినక్స్ నేర్చిన తరం అప్పటికి పెద్దదై, నిర్మాతల పక్కన కూర్చునే వయసుకు వచ్చింది.

‘ఉద్యోగాలన్నీ విండోస్ తెలిసినవారికే కదా, పిల్లవాడికి వేరొకటి నేర్పడం అన్యాయం కాదా?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పట్టిక గీయడం, లెక్క కట్టించడం, ఉత్తరం దిద్దడం ఒకచోట అర్థమైతే మరొకచోట పట్టుబడడానికి ఎన్నో రోజులు పట్టదన్నది అనుభవం. అయినా ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. కొన్ని వృత్తులలో అది నిజమైన అడ్డంకి. అందుకు తెలుగునాట ఉన్న డి.టి.పి. కొట్టే సాక్ష్యం.

పెళ్ళిపత్రికలు మొదలు పరిశోధన గ్రంథాల వరకు తెలుగు అచ్చుపని ఎన్నో ఏళ్ళపాటు పేజ్‌మేకర్ మీద, అను అక్షరరూపాలతో సాగింది. ఆ అక్షరరూపాలు యూనికోడ్‌కు పూర్వపు పద్ధతివి, విండోస్‌కు కట్టుబడినవి. పేజ్‌మేకర్‌కు 2001 తరువాత కొత్త కూర్పు లేకపోయినా కొట్లలో అది చాలాకాలం వదలలేదు. రోజుకు నలభై పేజీలు కూర్చి పొట్టపోసుకునే ఆపరేటరుకు స్వేచ్ఛను గురించి ఉపన్యసిస్తే ఏమి లాభం? లినక్స్‌లో పుటలు కూర్చే స్క్రైబస్ అనే సాధనం భారతీయ లిపులను సరిగా పేర్చడం 2017 నాటి కూర్పులోగాని మొదలు కాలేదు. అంతవరకు ఆయనను రమ్మని పిలవడానికి లినక్స్ ప్రచారకుల వద్ద ఆధారమే లేదు. పనిముట్టు సిద్ధం కాకముందే ప్రచారం చేస్తే, ఒకసారి వచ్చి నిరాశపడినవాడు మళ్ళీ రాడు.

ఇక తెలుగులో జరిగిన కృషి. 2005 నుండి హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం కోసం పనిచేస్తూ వచ్చింది. ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థి బృందాలను ఏర్పరచి, వారిచేత అనువాదాలు చేయించింది. పిల్లల కోసం ‘బాలస్వేచ్ఛ’ అనే కూర్పు తెచ్చింది. ఇంజనీరింగు చదివే కుర్రవాడు తెలుగులో ఒక వాక్యం కుదిరేలా వ్రాయడానికి తంటాలుపడడం, ఇంటికి వెళ్ళి నాయనమ్మను ఒక మాట అడిగి రావడం దానివల్ల కలిగిన అదనపు లాభం.

ఆ మాటల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఫైలు అన్న మాటను హిందీవారు ఎక్కువగా అలాగే ఉంచుకున్నారు. తెలుగు అనువాదకులు దస్త్రం అన్నారు. కరణంగారి దస్త్రాలను ఎరిగిన వయసువారికి అది పాత చుట్టమే. పట్నపు పిల్లవాడికి మాత్రం కొత్త మాట. ఒకే వ్యవస్థలో ఒక తెర మీద దస్త్రం, మరొక తెర మీద ఫైలు కనిపించడం కూడా కద్దు. పాస్‌వర్డ్‌కు హిందీలో కూటశబ్ద్ అన్న అనువాదం ఉన్నది. సంస్కృత సమాసమే కదా అని దానిని తెలుగులోకి తెస్తే చిక్కు వస్తుంది. తెలుగువారికి కూటసాక్షి అంటే దొంగసాక్షి. కూటశబ్దం అనగానే దొంగమాట అన్న ధ్వని వినిపిస్తుంది. అందుచేత సంకేతపదం అన్నది తెలుగులో నిలిచింది. కంప్యూటరు వాడే మనిషికి తెలుగు వికీపీడియా వాడుకలోకి తెచ్చిన ‘వాడుకరి’ అన్న మాట మాత్రం చక్కగా ఒదిగిపోయింది. ఏ సంఘమూ ఆదేశించకుండానే పలువురి నోట నలిగి స్థిరపడిన మాట అది. ఏ మాట నిలుస్తుందో ముందుగా తేల్చగల నిఘంటువు లేదు. వాడేవారు పదిమంది ఉంటేనే ఆ పరీక్ష జరుగుతుంది. వ్యవస్థకు వాడుకరులు ఎంత అవసరమో, భాషకు కూడా ఆ వాడుకరులు అంతే అవసరం.

ఈ పని ఒకసారి చేసి ముగించేది కాదు. లినక్స్ తెరను నిర్మించే గ్నోమ్ బృందం ఏడాదికి రెండుసార్లు కొత్త కూర్పు విడుదల చేస్తుంది. ప్రతిసారీ కొత్త వాక్యాలు చేరుతాయి, పాతవి మారుతాయి. అనువదించేవారు తగ్గితే తెలుగు తెరలో మళ్ళీ ఇంగ్లీషు పంక్తులు తలెత్తుతాయి. ఇప్పుడు కూడా అటువంటివి కొన్ని కాదు, చాలా ఉన్నవి. ఒక కళాశాల గ్రంథాలయంలో మూలనపడిన కంప్యూటరు మీద లినక్స్ ఎక్కించి, ముగ్గురు విద్యార్థులు వారానికి ఇరవై పంక్తుల చొప్పున తెలుగు చేస్తే, యాభై వారాలలో వెయ్యి పంక్తులు పూర్తవుతాయి. ఆ పంక్తులను పరిశీలించి ‘ఈ మాట మన వాడుకలో లేదు నాయనా’ అని దిద్దగలిగిన పెద్దలు ఒకరిద్దరు అదే కళాశాల తెలుగు శాఖలో ఉంటారు.